నాలుగో కౌంటరు

భూమయ్యకు మూడు వారాలుగా తిండి సహించడం లేదు. కారణం ఒక గ్రైండరు.

తొమ్మిదేళ్లుగా అతను ఊటుపల్లిలో శంభుదాసు గురువుగారి దగ్గర ఉంటున్నాడు. మఠమంటే పెద్దదేమీ కాదు. గుట్టవారన పెంకుటిల్లు, ముందు ఏడు మెట్లు, పైన ఒక అరుగు. గురువారం గురువారం గురువుగారు మోకాళ్ల నొప్పుల వాళ్లకు ఆకుపసరు పోస్తారు. పరగడుపున తాగాలి, పోసేవాళ్లు మనిషి చెయ్యి పట్టుకుని పోయాలి. అదీ అక్కడి ఆచారం. గురువుగారికి డెబ్బై తొమ్మిదేళ్లు నిండాయి. వచ్చే పున్నమికి పసరు గిన్నె భూమయ్య చేతికిస్తానని మాటిచ్చారు. ఆ గిన్నె కోసమే అతను ఇన్నేళ్లూ ఓపిక పట్టాడు, తన ఓపిక చూసి తానే కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆకు నూరే పని భూమయ్యదే. రోట్లో నూరి నూరి రెక్కలు పడిపోతున్నాయని గురువుగారిని బతిమాలి, జగిత్యాలలో ఒక పెద్ద షోరూముకు వెళ్లి గ్రైండరు కొనుక్కొచ్చాడు. అది రెండు గురువారాలు బుద్ధిగా తిరిగింది. మూడో గురువారం ఒకసారి మూలిగి ఆగిపోయింది.

దాన్ని భుజానికెత్తుకుని బస్సెక్కాడు. షోరూములో కింద ఉన్న కౌంటరు అమ్మాయి కంప్యూటరులోంచి తల తిప్పకుండా, రిపేర్లకు రెండో అంతస్తు అంది. లిఫ్టు కొత్త సామానుకే గాని అమ్మేసిన సామానుకు కాదట. రాళ్లతో సహా దాన్ని మోసుకుంటూ మెట్లెక్కాడు. పైనున్న రెండో కౌంటరతను వారంటీ కార్డు మీద ముద్ర లేదన్నాడు. ముద్ర కిందే వేస్తారు. కింద ముద్ర వేసేతను భోజనానికి వెళ్లాడు. అతను వచ్చి, తిన్నది అరిగి, ముద్ర వేసేసరికి మూడున్నరయింది. మళ్లీ పైకెక్కితే ఈసారి మూడో కౌంటరుకు పొమ్మన్నారు. అక్కడి పెద్దమనిషి కార్డు చూశాడు, ముద్ర చూశాడు, గ్రైండరు వంక మాత్రం చూడకుండా, అట్టపెట్టె ఏదని అడిగాడు.

అట్టపెట్టె లేదు. భూమయ్యే దాన్ని కత్తిరించేశాడు. పసరుకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, వరస ఉండాలని చెప్పి, మంచి గట్టి అట్ట కదా అని యాభై ముక్కలు చేసి నంబర్లు వేశాడు. ఇప్పుడు ఆ ముక్కలన్నీ అతికించి తెస్తే చెల్లుతుందా అని అడిగాడు. పెద్దమనిషి నవ్వలేదు. పెట్టె లేకపోతే తీసుకోం, అది రూలు అని చెప్పి, పక్కవాడితో మాటల్లో పడ్డాడు.

అలా మూడుసార్లు తిరిగాడు. ఫోను చేస్తే ఒక ఆడగొంతు, మీ కాల్ మాకెంతో ముఖ్యమని ఇరవై నిమిషాలు చెప్పి చెప్పి పెట్టేసింది. ఆ గొంతు అతనికి నిద్రలో కూడా వినిపిస్తోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎవరినైనా నిలదీయాలనిపిస్తుంది. చివరికి గురువుగారి ముందు వెళ్లబోసుకున్నాడు.

"కాకుంటే కాదనాలె అయ్యా, నేను వాపస్ వచ్చేద్దును. మనిషి మొకం సూడకుంట మాట్లాడుతరు. గదే నా బాధ."

గురువుగారు ఆకులు ఏరుతూ విన్నారు. "ఎన్ని కౌంటర్లు బిడ్డా ఆ దుకాణంల?"

"మూడయ్యా."

ఆయన తలూపి మళ్లీ ఆకుల్లో పడ్డారు. ఇంత కష్టం చెప్పుకుంటే ఆయన అడిగింది అదా అని భూమయ్యకు చిర్రెత్తింది.

మరుసటి రోజు గురువారం. అతను రోట్లోనే ఆకు నూరి, గిన్నె లోపల పెట్టి, ఎప్పటిలాగే అరుగు మీద బల్ల వేసుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్లు గేటు దగ్గర డబ్బాలోంచి అట్టముక్క తీసుకోవాలి. మెట్లెక్కి భూమయ్యకు చూపించి పేరు రాయించుకోవాలి. దిగి వెనక పంచలో కూర్చోవాలి. పిలిచినప్పుడు మళ్లీ ఎక్కాలి. ఎనిమిది దాటితే ఆ ముక్క చెల్లదు, మళ్లీ గురువారమే. ఈ పద్ధతంతా భూమయ్య ఏర్పాటే, దాని మీద ఈగ వాలనివ్వడు.

ఆ పొద్దు బల్ల మీద పేర్ల పుస్తకం పక్కన ఇంకో కాగితాల కట్ట ఉంది. వినియోగదారుల కోర్టుకు ఫిర్యాదు. నాలుగు పేజీలు అయినా కోపం తీరలేదు. కాలు ఊపుతూ, రాసింది కొట్టేస్తూ, మళ్లీ రాస్తున్నాడు.

లచ్చవ్వ అనే ముసలామె మోకాలి మీద చెయ్యేసి మెల్లగా ఎక్కివచ్చి, అట్టముక్క చూపించింది. "బిడ్డా, గిది ఆరా, తొమ్మిదా?"

కింద ఎవరినైనా అడగమన్నాడు, కలం ఆపకుండా. ఆమె ఒక్కొక్క మెట్టే దిగింది.

కాసేపటికి ఇంకో అట్టముక్క బల్ల మీదికి వచ్చింది. ఫిర్యాదులో తర్వాతి మాట కోసం ఆలోచిస్తున్న భూమయ్య, వెనక పంచకు పొమ్మన్నాడు. అడుగులు దిగి వెళ్లాయి. కొంతసేపటికి అదే ముక్క మళ్లీ వచ్చింది. పిలవకుండా ఎందుకొచ్చావని విసుక్కున్నాడు. అడుగులు మళ్లీ దిగాయి, ఈసారి ఇంకా నిదానంగా.

మూడోసారి ఆ ముక్క వచ్చేటప్పటికి భూమయ్య అసలైన వాక్యం దగ్గరున్నాడు. 'కనీసం తలెత్తి నా ముఖమైనా చూడలేదు' అని రాస్తున్నాడు.

"ఒక్కసారి చెప్తే సమజ్ కాదా నీకు?" అన్నాడు వాక్యం పూర్తి చేస్తూ.

ఈసారి అడుగులు కదల్లేదు. బల్ల అంచు కింద రెండు పాదాలు కనిపించాయి. కుడికాలి రెండో వేలు పక్కకు వంగి ఉంది. తొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం పొద్దున్నే తను నీళ్లు పోసి కడిగే పాదాలవి. పైన మోకాలు వణుకుతోంది. ఏడు మెట్లు, మూడుసార్లు.

భూమయ్య తలెత్తాడు.

గురువుగారి ముఖంలో కోపం లేదు, వెక్కిరింపూ లేదు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడిలా నిలబడ్డారు.

"ఆ కాయితంల నాది గూడ రాయి బిడ్డా. నాలుగో కౌంటరు కాడ గూడ పని కాలేదని."

భూమయ్య ఆ కాగితాలు పక్కకు నెట్టాడు. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. గురువుగారి భుజం మీదుగా చూస్తే కింద లచ్చవ్వ కనిపించింది. పంచకు వెళ్లలేక ఆఖరి మెట్టు మీదే కూలబడి, అట్టముక్కను ఇటూ అటూ తిప్పి చూసుకుంటోంది. తెల్లారకముందు నుంచీ ఏమీ తినలేదు. ఎనిమిది ఎప్పుడో దాటింది.

అతను తన పీట గురువుగారి వెనక వేసి ఆయన్ని కూర్చోబెట్టాడు. తర్వాత మెట్లు దిగి లచ్చవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె అట్టముక్క చాపింది. అతను దాన్ని తీసుకోలేదు, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏ కాలవ్వా?" అన్నాడు ముఖంలోకి చూస్తూ.

ఆమె చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఎడమ కాలితో మొదలై, నాట్ల కాలం మీదుగా, చనిపోయిన పెనిమిటి దాకా వెళ్లి, మళ్లీ కాలి దగ్గరికొచ్చింది. భూమయ్య అంతా విన్నాడు. వింటూ వింటూ వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు గమనించలేదు. ఖాళీగా ఉన్న రెండో అరచేతిలో చల్లగా ఏదో తగిలితే చూసుకున్నాడు. పసరు గిన్నె.

పున్నమికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.