తీతవ్వ చెప్పని కబురు

గవికొండకు దక్షిణపు వాలంతా గుండ్రాళ్లు, ఈతపొదలు, ఎండకు పండిపోయిన బోదగడ్డి. అక్కడ దుప్పుల మంద బతికేది. కనుమ దాటితే అవతల చలువ. పెద్దపెద్ద నేరేడు చెట్లు, వాటి మధ్య ఏడాది పొడుగునా ఊట ఎండని ఒక రాతి దొన. దాని చుట్టూ అడవిదున్నల మకాం. వాటికి పెద్ద పోతప్ప. బలం ఉన్నవాడి దగ్గరికి నీళ్లు చేరతాయో, నీళ్లున్న చోటికి బలం చేరుతుందో గానీ, ఎండాకాలం వస్తే కొండ మొత్తం ఆ దొనకే రావాలి.

ఒకప్పుడు ఆ కొండ మీదికి గాలికుంటు వచ్చింది. నోట్లో పుళ్లు, గిట్టల సందున పుళ్లు. సొంగ కార్చుకుంటూ, మేయలేక, నడవలేక జంతువులు ఎక్కడివక్కడ కూలబడ్డాయి. దున్న అని చూడలేదు, దుప్పి అని చూడలేదు ఆ రోగం. సగం అడవి పోయింది. మిగిలినవన్నీ దొన దగ్గర చేరి ఒక మాట అనుకున్నాయి. ఏ మందలో రోగం కనబడినా ఆ పూటే కొండంతటికీ తెలియాలి. రోగమొచ్చిన మంద పై దొనలో మూతి పెట్టకుండా, దొన నుంచి పారిన నీళ్లు నిలిచే కింది మడుగులో తాగాలి. మిగతా మందలు వాళ్లకు దారి ఆపకూడదు. ఆ మాటకు అందరికన్నా ముందు తల ఊపినవాడు పోతప్పే.

చాటి చెప్పే పని తీతువుపిట్టకు అప్పగించారు. తీతువు చెట్టెక్కదు, నేల మీదే తిరుగుతుంది, నేల మీదే గుడ్లు పెడుతుంది. దాని కళ్లెప్పుడూ గిట్టల మధ్యే. పైగా ఆ గొంతు విప్పితే రెండు కొండలు వినాలి. అలా ఆ ముసలి తీతువు కొండకంతటికీ తీతవ్వ అయింది. ఎవరి మందలో ఏ పిల్ల ఎలా నడుస్తోందో చూసుకుంటూ పొద్దంతా తిరిగేది. ఏడేళ్ల పాటు చెప్పాల్సిన చెడ్డ కబురేమీ రాలేదు. రానందుకే అందరూ ఆమెను కాస్త మరిచిపోయారు.

ఎనిమిదో ఏట, ఎండలు ముదురుతుండగా, చుక్కమ్మ అనే ఆడదుప్పికి పుట్టిన పిల్ల కుంటుతూ కనబడింది. తీతవ్వ దగ్గరికి వెళ్లి చూసింది. గిట్ట సందున ఎర్రగా చిట్లింది. మూతి నుంచి తీగలాగా సొంగ. దుప్పుల పెద్ద కొమ్మన్నతో చెప్పింది. అతను కనుమ వైపు చూశాడు. చెబితే ఏమవుతుందోనని అతనికి లోపల పీకుతూనే ఉంది.

తీతవ్వ అతనికి నచ్చజెప్పింది. అందరూ ఒప్పుకున్న మాటేనని, మన దగ్గర కనబడిందంటే తప్పు మనదని కాదని, ముందు చూసినవాళ్లు ముందు చెబుతారంతేనని అంది. చివరికి కొమ్మన్న, "నీ మాట నమ్మి ఒప్పుకుంటున్నానవ్వా," అన్నాడు.

ఆ సాయంత్రమే తీతవ్వ కొండ చుట్టూ తిరిగి కూసింది.

కబురు విని దొన దగ్గర అందరూ చేరారు. పోతప్ప పక్కనే నక్క జంబన్న కూర్చున్నాడు. నక్కకు గాలికుంటు రాదు. రాని రోగం గురించి వాడికి తెలియని సంగతి లేదన్నట్టు మాట్లాడేవాడు. రోగం దుప్పుల్లో పుట్టిందనీ, దానికి దుప్పుల రోగమని పేరు పెడితే అందరూ జాగ్రత్తపడతారనీ, కనుమ దగ్గర నాలుగు కోడెదున్నలను నిలబెడితే గండం అవతలే ఆగిపోతుందనీ వివరంగా చెప్పుకొచ్చాడు. తీతవ్వ అడ్డం పడింది. కింది మడుగు ఉన్నది దీనికేనంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పొద్దున దున్నదూడలు రెండింటికి కూడా సొంగ కారడం తాను చూశానంది.

"ముల్లు గుచ్చుకున్న నోళ్లవి," అన్నాడు జంబన్న, పోతప్ప వైపే చూస్తూ. "దొరకు తన దూడల సంగతి తెలియదంటావా?"

పోతప్పకు తన దూడల సంగతి తెలుసు. కానీ పదిమందిలో ఒప్పుకోవడానికి నోరు రాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఎప్పటి మాటో ఇప్పుడెందుకన్నాడు. కనుమ మూసేశారు.

ఆ రోగం ఆ ఏడు అంత గట్టిది కాదు. దుప్పుల్లో మూడు పిల్లలే పోయాయి. చుక్కమ్మ పిల్ల వాటిలో ఒకటి. కానీ దాహానికి మంద రాలిపోయింది. చూలుతో ఉన్నవి, ముసలివి, పాలిచ్చేవి కనుమ దాకా నడిచి, కోడెల కొమ్ములు చూసి వెనక్కి వచ్చి, దారిలోనే పడిపోయాయి. జంబన్న రోజూ ఆ వైపు వెళ్లి కడుపు నింపుకుని, తిరిగి వచ్చి కాపలా బాగుందని మెచ్చుకునేవాడు. దున్నల్లోనూ నాలుగైదు పడ్డాయి. వాటికి వడదెబ్బ అన్నారు.

తొలకరి పడ్డాక కనుమ తెరిచారు. జరిగినదాని గురించి ఎవరూ ఒక్క మాటనలేదు. చుక్కమ్మ తీతవ్వను తిట్టలేదు. ఎదురుపడితే పక్కకు తప్పుకుని వెళ్లిపోయేది. తిట్టినా బాగుండుననిపించేది తీతవ్వకు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఒక ఉదయం వాలు మీద పాలు తాగుతున్న దుప్పిపిల్ల ఒకటి తల్లి పొదుగు దగ్గరే ఒరిగి, మళ్లీ లేవలేదు. తీతవ్వ తల్లి నోరు చూసింది. నాలుక మీద తోలు ఊడి వస్తోంది. ఇది పోయినేటి రోగంలా లేదు. పాత రోజుల్లో సగం అడవిని తిన్న రోగంలా ఉంది.

ఆమె ముక్కు తెరవకముందే కొమ్మన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతనికి తెలిసిపోయింది.

"కూయొద్దవ్వా."

"ఇది చెడ్డది నాయనా. దున్నల్లోకి వెళ్తే ఆగదు."

"తెలుసు. పోయినేడు నువ్వు కూస్తే నా మందలో సగం నీళ్లు లేక చచ్చింది. ఈసారి కూస్తే మిగతా సగం. రోగంతో కొన్నైనా బతుకుతాయి. దాహంతో ఒక్కటీ బతకదు."

ఏం చేయబోతున్నావని ఆమె అడిగింది. జంబన్న వచ్చి వెళ్లాడని అతను ఒప్పుకున్నాడు. తెల్లవారుతుండగానే, దున్నలు దిగకముందే వెళ్లి, మూతులు గడ్డికి తుడుచుకుని, గబగబా తాగి వచ్చేస్తే ఎవరికీ తెలియదని వాడు దారి చెప్పాడట. కింది మడుగుకు వెళ్తే మాత్రం రోగమొచ్చినట్టు పట్టుబడిపోతారు, పై దొనలోనే తాగండని మరీ మరీ చెప్పాడట. వాడు ఎవరి మేలు కోరి చెప్పాడో కొమ్మన్నకు తెలియక కాదు. నీళ్లకు ఇంకో దారి లేదు.

తీతవ్వకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజంతా మేత ముట్టలేదు. మధ్యాహ్నం కనుమ దాటి, పోతప్ప నీడన ఒంటరిగా నెమరేస్తున్నప్పుడు చూసి ముందు వాలింది. జంబన్న దగ్గర లేడు. ఇతని నోట ఒక్క మంచిమాట వస్తే చాలు, చెప్పేద్దామనే వచ్చింది.

"ఒకవేళ రోగం వస్తే," అంది, "కింది మడుగు తెరిచి ఉంచుతావా దొరా?"

పోతప్ప నెమరు ఆపాడు. "వచ్చిందా?"

"వస్తే అంటున్నా."

"వస్తే కనుమ మూస్తాను. నా మంద నాకు ముందు. ఎవరి మంద వాళ్లకు ముందు కాదా అవ్వా?" అతని గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. "చెప్పు. వచ్చిందా?"

తీతవ్వ అతని గిట్టల వైపు చూసింది. నల్లగా, నున్నగా, ఆరోగ్యంగా ఉన్నాయి. కాస్త దూరంలో పుట్టి నెల నిండని దూడ ఒకటి తల్లి తోక పట్టి గుంజుతోంది. చుక్కమ్మ గుర్తొచ్చింది. దారిలో పడిపోయిన చూలుదుప్పులు గుర్తొచ్చాయి.

"లేదు దొరా," అంది.

ఆమె బతుకులో ఆడిన అబద్ధం అదొక్కటే.

దుప్పులు ఆరు రోజులు పై దొనలో తాగాయి. ఏడో రోజు దున్నదూడ ఒకటి తల్లి పక్కనే కూలింది. పోతప్ప వెంటనే కనుమ మూయించాడు గానీ, ఆ పైన లెక్క లేదు. దున్నల గిట్టలు నిలువునా పగిలాయి. నేల మీద ఆనించలేక మోకాళ్ల మీద పాకాయి. అడవిపందుల్లోకి పాకింది. వాగు దాటి అవతలి కొండకూ వెళ్లింది. దుప్పుల్లో కొన్ని బతుకుతాయనుకున్నాడు కొమ్మన్న. అతనే బతకలేదు. చుక్కమ్మ కూడా ఒక పొద్దున బోదగడ్డిలో పక్కకు ఒరిగి కనబడింది. తీతవ్వ ఆమె మూతి మీది ఈగలను తోలుతూ ఎండెక్కేదాకా అక్కడే ఉంది.

పోతప్ప కుంటుకుంటూ కనుమ దాకా వచ్చాడు. తీతవ్వను చూసి ఆగాడు.

"నిన్ను అడిగాను కదా," అన్నాడు. పుండ్లు పడిన నోట మాట సరిగా రావడం లేదు. "ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాడివి?"

పోతప్ప కిందికి చూశాడు. దొన ఒడ్డున జంబన్న ఎవరికీ భయపడకుండా తింటున్నాడు. తింటున్నది పోతప్ప చిన్నకూతురు దూడను. పోతప్ప వాణ్ణి పిలిచి, దారి మూస్తే గండం ఆగుతుందన్నావు కదరా అన్నాడు.

జంబన్న మూతి నాకుకున్నాడు. "గండం దుప్పుల వైపు ఆగుతుందన్నాను దొరా. ఆగింది. అది మీ వైపుకు రాదని నేనెప్పుడన్నాను? దాని మీద పేరు మనం రాశాం గానీ, అది చదువుకోలేదు కదా."

కొమ్ము విసరడానికి పోతప్పకు కాళ్లు నిలబడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కనుమ దగ్గర ఇంకా నిలబడి ఉన్న ఒక్క కోడెను పక్కకు జరగమన్నాడు. కింది మడుగు తెరిచామని, ఎవరైనా రావచ్చని, అవతలి వాలుకు వినబడేలా కూయమని తీతవ్వను బతిమాలాడు.

ఆమె ఎగిరి కూసింది. దక్షిణపు వాలు మీద మూడుసార్లు తిరుగుతూ, గొంతు పగిలేదాకా కూసింది. ఈతపొదల్లో ఏదీ కదల్లేదు. గుండ్రాళ్ల మధ్య ఒక్క తల కూడా లేవలేదు. ఆమె వెనక్కి వచ్చేసరికి పోతప్ప తెరిచిన దారికి అడ్డంగా పడి ఉన్నాడు.

నీతి: రోగం ఉందని చెప్పినవాడికి నీళ్లు ఆపితే, రెండోసారి రోగం చెప్పకుండానే వస్తుంది.