తేట నీళ్లు

దయాకర్ ఇంట్లో చేపలు చచ్చిపోతున్నాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

అదే అతనికి అంతుపట్టడం లేదు. జనగామలో ఒక జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నాడు. నీళ్ల విషయంలో తనను ఓడించేది ఏదైనా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ అద్దాల తొట్టి అతని తల్లి రాజవ్వ మంచం పక్కన ఉంటుంది. కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, అన్నీ ఒక్కరోజే పోయాయి. ఆమెను చూసి వెళ్లిన సోమలింగం గురువు మర్నాడు ఆటోలో ఆ తొట్టి వేసుకుని వచ్చాడు. తన చేతులతోనే నీళ్లు పోశాడు. మోలీలనే చిన్న రంగు చేపల్ని పన్నెండిటిని వదిలాడు.

సోమలింగం అచల మార్గపు గురువు. కాషాయం కట్టడు, గడ్డం పెంచడు. స్టేషన్ రోడ్డులో రంగు చేపల దుకాణం నడుపుతాడు. దుకాణం మీది మేడగదిలో గురువారం సాయంత్రం శిష్యులు కూడతారు. తత్వాలు పాడతారు, అడగాల్సింది అడుగుతారు. ఆయన వింటాడు. జవాబు చెప్పడం తక్కువ.

ఆ రోజు తొట్టిలో నీళ్లు వడకట్టే డబ్బా అమర్చి, అందులో ఒక స్పాంజి, కొన్ని పింగాణీ ముక్కలు పెట్టాడు. కొత్తవి కావు. తన దుకాణంలో వాడినవే. మట్టిరంగుకు తిరిగి, ముట్టుకుంటే జారుతున్నాయి.

"వీటిని ఊకె ఊకె కదిలియ్యకు," అని మాత్రం చెప్పి వెళ్లాడు.

రాజవ్వ రోజంతా ఆ తొట్టి వైపే తిరిగి పడుకునేది. పొద్దున్నే దయాకర్ వచ్చి, "అవ్వా, అందరున్నరా?" అని అడిగేవాడు. ఆమె ఎడమచేతి వేళ్లు ఐదు చూపేది. మళ్లీ ఐదు. మళ్లీ రెండు. అప్పుడు ఆమె కళ్లలో కనిపించే తృప్తి కోసం అతను రోజూ అడిగేవాడు.

నీళ్లు మాత్రం కొంచెం రంగు తిరిగి, పలచటి డికాషన్‌లా ఉండేవి. ఒకసారి రాజవ్వను చూడ్డానికి వచ్చిన ప్రిన్సిపాల్ తొట్టి వైపు చూసి నవ్వాడు.

"కెమిస్ట్రీ సార్ ఇంట్ల నీళ్లు గిట్లున్నయేంది?"

ఆ మాట దయాకర్ మనసులో ముల్లులా దిగింది.

అంతలో సోమలింగానికి రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ కోసం కరీంనగర్‌లో కూతురింటికి వెళ్తూ, దుకాణం మేనల్లుడికి అప్పజెప్పాడు. దయాకర్‌ను పిలిచాడు.

"రెండు నెలలు పడ్తదట. నేనొచ్చేదాంక గురువారాలు నువ్వు చూస్కో."

అంతమంది శిష్యుల్లో ఆయన తన భుజం మీదే చెయ్యి వేశాడు. దయాకర్ ఆ బరువును సంతోషంగా ఇంటికి మోసుకుపోయాడు. గురువు వచ్చేసరికి ఆయన కళ్లు కొత్తవవుతాయి. ఆ కొత్త కళ్లకు అన్నీ శుభ్రంగా కనబడాలి.

మొదట తొట్టిని పట్టుకున్నాడు. పాత స్పాంజిని, పింగాణీ ముక్కల్ని చెత్తబుట్టలో వేశాడు. డబ్బాను మరిగే నీళ్లతో కడిగాడు. లోపల తెల్లటి దూది మూడు పొరలు పరిచాడు. దాని మీద బొగ్గు గుళికలు, మళ్లీ సన్నటి జల్లెడగుడ్డ. ఏది ఎంత నలుసును పడుతుందో లెక్కగట్టి మరీ ఎంచాడు. మర్నాటికి నీళ్లు ఉన్నాయా లేవా అన్నంత తేటగా మారాయి. తొట్టి వెనక గోడమీది క్యాలెండర్‌లో తేదీలు కూడా చదవొచ్చు.

ఆ తరువాత గురువారాల్ని పట్టుకున్నాడు. ఆలస్యంగా వచ్చేవాళ్లకు తలుపు తీయలేదు. పసిపిల్ల ఏడుపు ఆపలేని ఒక తల్లిని ఇంట్లోనే ధ్యానం చేసుకొమ్మన్నాడు. ఉప్పలయ్య అని ఒక గీతకార్మికుడు ఉండేవాడు, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. అతని దగ్గర వాసన వస్తుందని కొందరు ముక్కు చిట్లించేవారు. దయాకర్ అతన్ని మెట్ల మీదే ఆపాడు.

"తాగుడు మాని రా ఉప్పలయ్యా. ఇది గురువుగారి గది."

ఉప్పలయ్య ఎక్కిన మెట్లు దిగిపోయాడు.

నలభై మంది పదకొండు మంది అయ్యారు. గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. దయాకర్‌కు ఆ నిశ్శబ్దం ఎంతో నచ్చింది.

తొట్టి కడిగిన ఐదోరోజు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఏడోరోజు పొద్దున రాజవ్వ వేళ్లు పన్నెండు చూపలేదు. పదకొండు చూపింది. మర్నాడు తొమ్మిది.

దయాకర్ కాలేజీ ల్యాబ్ నుంచి నెస్లర్ ద్రవం తెచ్చి, పరీక్షనాళికలో తొట్టినీళ్లు పట్టి రెండు చుక్కలు వేశాడు. తేట నీళ్లు చిక్కటి పసుపు రంగుకు తిరిగాయి. అమ్మోనియా. చేపలు తమ మలినంలో తామే మునిగి చస్తున్నాయి. కంటికి కనబడే నలుసునల్లా దూది పట్టేసింది. కనబడని విషాన్ని పట్టేది అందులో ఏదీ లేదు.

నీళ్లు మార్చాడు. బొగ్గు రెట్టింపు చేశాడు. దూది ఇంకా సన్నటిది తెచ్చాడు. ఒక రోజు తగ్గినట్టే తగ్గి, మళ్లీ పసుపు చిక్కబడేది. అమ్మోనియాను పీల్చుకునే రాళ్లు ఏవో ఉంటాయని చదివి, రెండు మూడు రకాల పేర్లు కాగితం మీద రాసుకున్నాడు. వాటిలో ఏది మేలో తేల్చుకోలేకపోయాడు.

అట్లా వారాలు గడిచి ఐదు చేపలు మిగిలిన రోజున, "అవ్వా, అందరున్నరా?" అన్న మాట అలవాటుగా అతని నోట్లోంచి వచ్చేసింది. రాజవ్వ వేళ్లెత్తలేదు. ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, మెల్లగా, కష్టం మీద, గోడవైపు తిరిగిపోయింది.

గురువు వచ్చాడని ఆ రోజే తెలిసింది. దయాకర్ కాలేజీకి సెలవు పెట్టి స్టేషన్ రోడ్డుకు వెళ్లాడు.

సోమలింగం నల్లకళ్లద్దాలు పెట్టుకుని దుకాణం ముందర స్టూలు మీద కూర్చున్నాడు. దయాకర్ కాళ్లకు మొక్కి, జరిగింది చెప్పాడు. కాగితం తీసి చూపించాడు.

"వీటిల ఏ రాయి ఎయ్యాలె గురువుగారూ?"

సోమలింగం కాగితం అందుకోలేదు.

"గురువారాలెట్ల నడుస్తున్నయ్?"

ఈ ప్రశ్నకు దయాకర్ ప్రాణం కొంచెం తేరుకుంది. "మంచిగ నడుస్తున్నయ్. పదకొండు మందిమే ఉన్నం గానీ, అందరూ గట్టివాళ్లు. చప్పుడు లేదు, గొడవ లేదు."

"ఉప్పలయ్య?"

"కల్లు మాని రమ్మన్న."

"మానిండా?"

దయాకర్ చేతిలో కాగితాన్ని మడిచాడు.

"తెల్వదు గురువుగారూ. రావుడైతే మానిండు."

సోమలింగం లేచి లోపలికి వెళ్లాడు. దుకాణంలో అన్నిటికంటే పాత తొట్టి ఒకటి మూలన ఉంది. దాని డబ్బా మూత తీసి, లోపలి స్పాంజిని రెండు చేతులతో, నిద్రపోతున్న పిల్లను ఎత్తినట్టు ఎత్తాడు. దాన్ని కవర్లో పెట్టి, ఆ తొట్టి నీళ్లే కొన్ని పోసి, మూతి ముడివేశాడు.

"బండి తియ్యి," అన్నాడు.

దారి పొడుగునా ఆ కవరును ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

ఇంట్లో రాజవ్వ ఇంకా గోడవైపే ఉంది. గురువుగారి గొంతు విని ఇటు తిరగబోయింది. దయాకర్ భార్య సునంద వచ్చి సాయం పట్టింది. సోమలింగం ఆమె మంచం దగ్గర కాసేపు నిలబడి, తొట్టి దగ్గరికి వచ్చాడు. నల్లకళ్లద్దాలు తీసి నీళ్లలోకి చూశాడు.

"మస్తు తేటగున్నయ్ దయాకర్," అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు.

తరువాత చొక్కా చేతులు పైకి మడిచి, కవరు విప్పి, ఆ మట్టిరంగు స్పాంజిని తొట్టి మధ్యలో పట్టుకుని గట్టిగా పిండాడు.

గోధుమరంగు మబ్బు ఒకటి నీళ్లలోకి దిగింది. విప్పుకుంటూ, పొరలు పొరలుగా అద్దాల దాకా పాకింది. రెండు నిమిషాల్లో చేపలు కనబడలేదు. క్యాలెండర్ కనబడలేదు.

"గురువుగారూ, మురికి!" అన్నాడు దయాకర్. చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగాడు.

"మురికి గాదు. మురికిని తిని బతికేటియి."

దయాకర్ ముఖం ఎర్రబడింది. చేపల విషాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవుల సంగతి అతనూ పుస్తకంలో చదివినవాడే. పరీక్షలో ఎవరైనా అడిగితే పేర్లతో సహా రాయగలడు. అవి ఎక్కడుంటాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ రోజు చెత్తబుట్టలో పడేసిన జిగట అతని వేళ్లకు ఇప్పుడు మళ్లీ తగిలినట్టయింది.

సోమలింగం పిండిన స్పాంజిని డబ్బాలో అడుగున పెట్టాడు. దయాకర్ తెల్లదూదిని తీసి పారెయ్యబోయాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్నెందుకు పారేస్తవు? మీద పెట్టు. కొన్ని దినాలు పోతే అది గూడ పనికొస్తది."

మూడు రోజులు మేత వెయ్యొద్దన్నాడు. రోజూ పావు వంతు నీళ్లు మార్చమన్నాడు. రాజవ్వతో, "జెర ఓపిక పట్టు అవ్వా," అన్నాడు. చాయ్ తాగి, ఆటో అడ్డా దాకా నడిచే వెళ్లిపోయాడు.

మర్నాటికి మబ్బు విడిపోయింది. ఆ పొద్దున ఇంకో చేప పోయింది. రాజవ్వ నాలుగు వేళ్లు చూపి, చెయ్యి దించుకుంది. దయాకర్ ప్రతి పూటా పరీక్షనాళిక పట్టుకుని కూర్చున్నాడు. మూడోరోజు పసుపు పలచబడింది. నాలుగోరోజు మిగిలిన చేపలు పైనుంచి అడుగుకు దిగి, రాళ్ల మధ్య వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఆ రోజు అతను అడగకముందే రాజవ్వ కొడుకు చెయ్యి పట్టుకుని తొట్టి వైపు లాగింది.

దయాకర్ నాలుగు చేపల్నీ లెక్కబెట్టాడు. తరువాత బండి తీసి తాటివనం పక్కనున్న ఉప్పలయ్య ఇంటికి వెళ్లాడు.

ఉప్పలయ్య లేడు. అతని భార్య ఎల్లమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఎవరో తెలిసి లేచి నిలబడింది గానీ, కూర్చోమనలేదు.

"కల్లు కాడ ఉన్నడు," అంది. "ఇంకెక్కడుంటడు?"

"గురువారం రమ్మని చెప్పడానికొచ్చిన."

ఆమె చేట కింద పెట్టింది.

"సారూ, మీకు తెల్వదు. పొద్దుగాల తాగిన వాసన ఒంటి మీద ఉంటుండె గానీ, గురువారం మాపటి పూట మాత్రం ముట్టకపోతుండె. పాటకు పోవాలె అని తానం జేసి, ఉతికిన అంగీ ఏసుకుంటుండె. ఏడేండ్లల్ల ఆ ఒక్క పూట నాకు మొగడు దొరుకుతుండె. మీరు రావద్దన్నంక ఆ పూట గూడ పాయె."

దయాకర్ చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతుల్ని ఎప్పుడు దించాలో కూడా తెలియలేదు.

అతను కల్లు అమ్మే మండువాకు వెళ్లాడు. అక్కడ ఏం మాట్లాడాడో ఎవరికీ చెప్పలేదు. పిల్ల తల్లి ఇంటికీ వెళ్లాడు. మిగతావాళ్ల ఇళ్లకూ వెళ్లాడు. కొందరు వస్తామన్నారు. కొందరు తలుపు సగమే తీశారు.

గురువారం మేడగది సగం నిండింది. సోమలింగం తన చోట కూర్చుని తంబుర సరిచేసుకుంటున్నాడు. పసిపిల్ల ఏడుస్తూనే ఉంది. పాట మొదలవబోతుండగా ఉప్పలయ్య వచ్చాడు. లోపలికి రాకుండా గడప పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. ఆ సాయంత్రం అతను ముట్టకుండా వచ్చాడో లేదో చెప్పడం కష్టం. వాసన మాత్రం ఉంది.

పదకొండు మందిలో ఒకాయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని గురువు వైపు చూశాడు. గురువు దయాకర్ వైపు చూశాడు.

దయాకర్ ముందువరసలోంచి లేచాడు. అందరినీ దాటుకుంటూ వెళ్లి గడప దగ్గర ఉప్పలయ్య పక్కన కింద కూర్చున్నాడు. ఉప్పలయ్య చటుక్కున జరిగి, భుజం మీది తువ్వాలను నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

దయాకర్ ఆ తువ్వాలను మెల్లగా కిందికి దించాడు.

"పాడు," అన్నాడు. "నాకు రాదు."