మంచి మనసు గింజలు

దయానందం రెండు రోజులుగా దీనమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళడం లేదన్న సంగతి నాకు మంగళవారం పొద్దున తెలిసింది. జావ కాచే సత్తుగిన్నె ఆదివారం నేను తోమి బోర్లించిన చోటే ఉంది. చుక్క తడి లేదు.

దయానందం అంటే మా ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు. ఇరవై నాలుగేళ్ళు. మా ఆయన జకరయ్య ఈ పాలేనికి పాస్టరు. ఊరంతా అయ్యగారంటారు. నలభై ఏళ్ళుగా విని విని నేనూ అయ్యగారనే అంటున్నాను.

దీనమ్మ మామ్మకి తుంటి ఎముక విరిగి ఏడు నెలలైంది. మంచం దిగలేదు. పక్కింటావిడ కూలికెళ్ళి వచ్చి సాయంత్రం ఇంత అన్నం పెడుతుంది. పొద్దుటి పూట మాత్రం దయానందమే దిక్కు. మా ఇంట్లో జావ కాచుకుని ఆరింటికల్లా పట్టుకెళ్ళేవాడు. గది ఊడ్చి, మంచినీళ్ళు పట్టి పెట్టి, తల ఎత్తి పట్టుకుని చెంచాతో తాగించి వచ్చేవాడు. వానైనా మానలేదు. నిజం చెప్పొద్దూ, కన్నకొడుకులు కూడా అంత చెయ్యరు.

అలాంటివాడికి ఏమొచ్చింది?

గుళ్ళోకి వెళ్ళి చూస్తే మోకాళ్ళ మీద ఉన్నాడు. కళ్ళు పీక్కుపోయాయి, పెదాలు తడారిపోయాయి. ఆదివారం సాయంత్రం నుంచి ఉపవాసమట.

"జ్వరమేమన్నా వచ్చిందా?" అన్నాను.

"లేదమ్మగారూ."

"మరి మామ్మకి జావ?"

తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. చెవి పట్టుకుని లాక్కురావడం ఒక్కటే తక్కువ, తీసుకొచ్చి అయ్యగారి ముందు నిలబెట్టాను.

అయ్యగారు అరుగు మీద కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "ఏమిటి దయానందం?" అన్నారు.

వాడు నేల చూస్తూ చెప్పాడు.

ఆదివారం మా గుడి వార్షికోత్సవం. సంఘ కార్యదర్శి గుడి సేవ చేసేవాళ్ళ పేర్లు చదివాడు. చదివిన ప్రతివాళ్ళకీ శాలువా కప్పారు. పాటలు పాడేవాళ్ళకి, గుడి ఊడ్చే ఆవిడకి, మైకు బిగించేవాడికి కూడా. దయానందం తలకి నూనె రాసి దువ్వుకుని ముందు వరసలోనే కూర్చున్నాడు. వాడి పేరు రాలేదు. ఆ కార్యదర్శి కాగితంలో రాసుకోవడం మర్చిపోయాడు, అంతే సంగతి.

"ఆఖరి ప్రార్థనలో కళ్ళు మూసుకున్నానండీ. దేవుడు గుర్తు రాలేదు. నా పేరు ఎందుకు చదవలేదు, నా పేరు ఎందుకు చదవలేదు... ఇదొక్కటే తిరిగింది నా బుర్రలో. మైకువాడి శాలువా చూసి నాకు ఏడుపొచ్చింది. అంటే ఈ ఏడు నెలలూ నేను చేసింది దేవుడి కోసం కాదు కదండీ. పేరు కోసం. అలాంటి దొంగసేవ దేవుడికి అసహ్యం. అందుకే మనసు శుద్ధి అయ్యేదాకా మామ్మ దగ్గరికి వెళ్ళకూడదనుకున్నాను."

ఇది వినగానే నా కోపం సగం దిగిపోయింది. పాపం, రెండు రోజుల్లో మనిషి చిక్కి సగమయ్యాడు. వేషాలు కావవి.

అయ్యగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "మనసులోకి తొంగి చూసుకున్నావన్నమాట. చాలామంది ఆ తలుపే తియ్యరు. మంచిపని చేశావు."

దయానందం కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి నిన్న పొద్దున మామ్మ ఏం తాగింది?"

వాడు ఉలిక్కిపడి అయ్యగారి వంక చూశాడు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ ప్రశ్న వాడికి అప్పటిదాకా తట్టనే లేదు.

ఇక నేను ఆగలేకపోయాను. "నీ పరిశుద్ధత పాడుగాను! ఆ ముసలిప్రాణం పొద్దుట్నించి పొద్దుగూకేదాకా..."

అయ్యగారు చెయ్యెత్తారు. ఊరుకున్నాను. నలభై ఏళ్ళలో నేను ఊరుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"పిడికెడు బియ్యం డబ్బా ఇలా తే. చేట కూడా," అన్నారు నాతో.

మా గుళ్ళో ఆడవాళ్ళు వంటకి బియ్యం కొలుచుకున్నప్పుడల్లా దేవుడికని ఒక పిడికెడు తీసి పక్కన వేస్తారు. ఆదివారం గుడ్డసంచుల్లో తెచ్చి గుళ్ళో పెద్ద డబ్బాలో పోస్తారు. మామ్మ జావ ఆ బియ్యంతోనే.

తెచ్చాను. అయ్యగారు రెండు దోసిళ్ళు చేటలో పోసి దయానందం ముందుకి జరిపారు.

"ఏరు."

"రాళ్ళాండీ?"

"రాళ్ళు కాదు. మంచి మనసుతో ఇచ్చిన గింజలు ఒక పక్కకి, పేరు కోసం ఇచ్చినవి ఒక పక్కకి ఏరు. మంచి మనసు గింజలతోనే మామ్మకి జావ కాద్దాం."

వాడు ఆయన ముఖం చూశాడు. వేళాకోళం కాదు. చేట ఒళ్ళోకి తీసుకున్నాడు. లావు బియ్యం, సన్న బియ్యం, కోటా బియ్యం అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వేలితో అటూ ఇటూ కదిపాడు. ఒక గింజ పైకి తీసి చూశాడు. మళ్ళీ అందులోనే వేశాడు.

"ఎలా తెలుస్తుందండీ?"

"అమ్మగారిని అడుగు. డబ్బా దగ్గర నిలబడేది ఆవిడే కదా."

తెలియకేం! ఎవరు సంచి అందరికీ కనపడేలా ఎత్తి పోస్తారో, పురుగు పట్టిన బియ్యం వదిలించుకోవడానికి ఎవరు తెస్తారో, తమ కంచంలోది తగ్గించుకుని ఎవరు తెస్తారో నాకు కొట్టిన పిండి. చెబుదామని నోరు తెరిచాను. తీరా చేటలోకి చూస్తే ఏం చెప్పను? అన్నీ బియ్యమే.

"నావి కూడా ఉన్నాయి ఇందులో," అన్నాను చివరికి. "అయ్యగారితో పోట్లాడిన రోజు ఆ పిడికెడు విసిరి కొడతాను. దేవుడికని కాదు, పాస్టరుగారి భార్య వెయ్యకపోతే ఊరు ఊరుకోదని వేస్తాను. అవి ఎక్కడున్నాయో నాకే తెలీదు."

దయానందం నా వంక తెల్లబోయి చూశాడు. నేనింత చెబుతానని నేనూ అనుకోలేదు.

అయ్యగారు నవ్వారు. నవ్వితే దగ్గొస్తుంది ఆయనకి. దగ్గు తగ్గాక మెల్లగా అన్నారు, "సమాధుల దొడ్లో ప్రార్థన చేసేటప్పుడు నా గొంతు ఎంత బాగుందో నేనే వింటూ ఉంటాను దయానందం. నిన్నగాక మొన్న కూడా విన్నాను. అక్కడ శవం, పక్కన ఏడుస్తున్న బిడ్డలు, నేను నా గొంతు వింటున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వెళ్తాను. వెళ్ళకపోతే ఆ బిడ్డల దగ్గర ఎవరుంటారు?"

ఆయన వంగి చేటలోంచి ఒక మట్టిగడ్డ తీసి అవతల పారేశారు. ఇంకోటి తీశారు. దయానందం కూడా వంగాడు. ఇద్దరూ కలిసి మట్టీ రాళ్ళూ ఏరారు. ఆ రెండు దోసిళ్ళకి ఎంతసేపు పడుతుంది? అయిపోయింది.

"మామ్మ ఆకలితో ఉంది. పొయ్యి వెలిగించు," అన్నారు అయ్యగారు.

జావ పట్టుకుని వాడితో పాటు నేనూ వెళ్ళాను. మామ్మ ముఖం చూడాలని ఒకటి, వీడు దారిలో కళ్ళు తిరిగి పడతాడేమోనని ఒకటి.

గదిలో చెత్త పేరుకుపోయింది. మంచం పక్కన గ్లాసు ఖాళీగా పడి ఉంది. గుమ్మంలో మనిషి నీడ పడగానే మామ్మ తల తిప్పింది.

"వచ్చావుట్రా నాయనా! ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. రెండు రోజుల్నించి నీకోసమే ప్రార్థన చేస్తన్నా. జ్వరం తగ్గిందా?"

దయానందం గిన్నె కింద పెట్టి మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. "నాకు జ్వరం రాలేదు మామ్మా. నేను మంచోణ్ణి కాదు. నీకు చేసిందంతా పేరు కోసం చేశాను. గుళ్ళో నా పేరు చదవలేదని..."

మామ్మకి సగం వినపడదు. విన్నంత విని, ఎముకలు తేలిన చెయ్యి వాడి తల మీద వేసింది.

"అదంతా తర్వాత చెబుదువు గాని, ముందు తాగించు. చల్లారిపోద్ది."

నేను గుమ్మంలో నిలబడి చీపురు కోసం వెతుకుతున్నట్టు నటించాను. కళ్ళు తుడుచుకోవాలి కదా.

వాడు లేచి ముఖం కడుక్కుని, మామ్మ తల ఎత్తి పట్టుకున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగింది. ఎంత ఆకలితో ఉందో ఆ తల్లి. నేను గది ఊడ్చాను. వాడు నీళ్ళు పట్టి మామ్మ చెయ్యి అందేచోట పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి అయ్యగారు అరుగు మీదే ఉన్నారు. నేను లోపలికెళ్ళి దయానందానికి అన్నం కలుపుతున్నాను. బయట మాటలు వినపడుతున్నాయి.

"తాగిందా?"

"తాగిందండీ, మొత్తం." గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది. "అయ్యగారూ, తాగిస్తుంటే అమ్మగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారండీ. బాగా చేస్తున్నాడు అనుకుంటారులే అనిపించింది నాకు. ఇంత ఏడ్చి కూడా మళ్ళీ వచ్చిందండీ ఆ బుద్ధి."

నా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అప్పుడేం చేశావు?" అన్నారు అయ్యగారు.

"చెంచా ఆపలేదండీ."

ఆయనేమంటారోనని తొంగి చూశాను. ఆయన పక్కకి జరిగి, అరుగు మీద తన పక్కనే వాడిని కూర్చోబెట్టుకుంటున్నారు.