చింతగింజ తాళంచెవి

ఊఁ కొట్టనివాళ్లకి కథ లేదు, ముందే చెబుతున్నా! అనగనగా నెమలికోటలో గజకేతుడని ఒక రాజు. ఆయన గొంతెత్తాడంటే కోటగోడల మీది పావురాలన్నీ లేచిపోయేవి.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తిలో దిట్ట. రెండోవాడు విల్లులో దిట్ట. మూడోవాడు సుమేధుడు. సూదంత ఉలి పట్టుకుని బియ్యపుగింజ మీద నెమలిని చెక్కేవాడు, చింతగింజలో రథాన్ని చెక్కేవాడు. ఉలి దించేముందు ఊపిరి బిగబట్టేవాడు. మరి చెయ్యి అదిరితే నెమలి మెడ విరిగిపోదూ?

"కత్తి పట్టాల్సిన చేత్తో చింతగింజలు గీకుతావుట్రా!" అని అరిచేవాడు రాజు. ఆ అరుపుకే ఎన్ని నెమళ్ల మెడలు విరిగాయో!

ఒకనాడు ధూమ్రకంఠుడనే మాంత్రికుడు పొరుగురాజు కూతురు ముత్యాలవల్లిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు విల్లు పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రాజుకి అన్నం సహించడం మానేసింది. అరుపులు కూడా ఆగిపోయాయి.

"అన్నయ్యల్ని నేను తీసుకొస్తాను నాన్నగారూ" అన్నాడు సుమేధుడు.

"దేంతోరా?"

"నా ఉలితో."

రాజుకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

దారిలో తుమ్మజిగురులో కాలు ఇరుక్కుని ఒక చీమ గిలగిల్లాడుతోంది. కాలు తెగకుండా ఉలిమొనతో విడిపించాడు. "నేనూ వస్తా" అని అది అతని చెవి మీదెక్కి కూర్చుంది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద సంచిముక్కు గూడకొంగ కుంటుతోంది. దాని పాదంలో విరిగిన ముల్లు తీశాడు. "ఎక్కు నా వీపు మీద" అంది కొంగ. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటేశారు.

మాంత్రికుడి కోట వాకిట్లో రెండు రాతిబొమ్మలు. ఒకదాని చేతిలో కత్తి, ఒకదాని చేతిలో విల్లు. "అన్నయ్యలూ!" అని సుమేధుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కిటికీలోంచి ముత్యాలవల్లి గుసగుసలాడింది. "వాడు నిద్రపోతున్నాడు. గదిలో పరాయి మనిషి ఊపిరి వినబడితే చాలు, లేచి రాయిని చేసేస్తాడు. మీ అన్నల్నీ అలాగే చేశాడు. వాడి ప్రాణం మంచం పక్కనున్న చిలకలో ఉంది. అది పంజరం దాటి ఎగిరితే వాడి పని అయిపోయినట్టే. కానీ తాళంచెవి సముద్రంలో పారేశాడు. తాళం కన్నం చూస్తే ఆవగింజంతే!"

"ఆవగింజంతా? అబ్బో, చాలా పెద్దదే!" అన్నాడు సుమేధుడు.

చీమ వెళ్లి తాళంలో దూరి వచ్చింది. "తాళంచెవికి మూడు పళ్లుండాలి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి వంకర" అని చెవిలో చెప్పింది. సుమేధుడు వాకిట్లోనే కూర్చుని చింతగింజతో తాళంచెవి చెక్కాడు. గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, గడప దాటాడు.

తాళంచెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు! వంకర పన్ను వెంట్రుకవాసి ఎక్కువైంది. అక్కడే నిలబడి ఉలి తీశాడు. ఒక గీటు గీశాడు, తిరగలేదు. ఇంకో గీటు గీశాడు, తిరగలేదు. మాంత్రికుడు అటు నుంచి ఇటు దొర్లాడు. సుమేధుడి గుండెలు పగిలిపోతున్నాయి, చెయ్యి మాత్రం అదరలేదు. మూడో గీటు గీశాడు.

టక్కున తాళం ఊడింది. చిలక రివ్వున కిటికీలోంచి ఎగిరిపోయింది. "ఎవడ్రా!" అని లేచిన మాంత్రికుడు లేచినట్టే బూడిదై రాలిపోయాడు. అప్పుడు పీల్చాడర్రా ఊపిరి!

వాకిట్లో రాళ్లు మనుషులయ్యాయి. "ఏ ఆయుధంతో కొట్టావురా తమ్ముడూ?" అని అడిగాడు పెద్దన్న. సుమేధుడు అరచేతిలో చింతగింజ చూపించాడు.

అందరూ నెమలికోట చేరాక ముత్యాలవల్లి అతన్నే చేసుకుంటానంది. అన్నలిద్దరూ కిరీటం తమ్ముడికే అన్నారు. పెళ్లీ పట్టాభిషేకమూ ఒకే రోజున జరిగాయి. చాలాకాలం చల్లగా ఏలాడు. రాజైనా ఉలి మాత్రం వదల్లేదు.

ఒక మధ్యాహ్నం బియ్యపుగింజ మీద నెమలిని చెక్కుతుంటే, ముసలి గజకేతుడు మునివేళ్ల మీద నడిచొచ్చి, రెండు చేతులతో నోరు మూసుకుని పక్కన నిలబడ్డాడు. మొహం ఎర్రబడిపోయింది.

"ఊపిరి పీల్చుకోండి నాన్నగారూ!"

"ముందు మెడ పూర్తి కానీరా" అన్నాడాయన గుసగుసగా.