రాసింది ఓబుళమ్మే

రాళ్ళు మెత్తగా ఉన్న కాలమొకటి ఉండేదని పెద్దలంటారు. ఉండొచ్చు. దొరలు మెత్తగా ఉన్న కాలం గురించి మాత్రం వాళ్ళూ చెప్పలేదు. ఆ కాలంలో మా నల్లగుండులో ఓబుళమ్మ అనే ఒంటరి మనిషి ఉండేది.

తాటాకులు తయారుచెయ్యడం ఆమె పని. ఆకు కోసి తెచ్చేది. పసుపునీళ్ళలో ఉడకబెట్టేది. నీడన ఆరబెట్టి, రెండు చెక్కల మధ్య బిగించేది. ఆకులు చదునయ్యాక కోటలో రాతపని చేసే రాయసగాడికి ఇచ్చేది. ఇచ్చి వెంటనే వచ్చేది కాదు. గుమ్మం దగ్గర నిలబడి అతని గంటం ఎటు తిరుగుతోందో చూసేది. చూసి చూసి అక్షరాలు నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఆకులు మోసుకొచ్చే ఆడదానికి కళ్ళుంటాయని ఎవరికీ తోచలేదు మరి.

తనకొచ్చింది పొరుగింటి చెన్నక్కకు నేర్పింది. వేలు పట్టుకుని ఇసుకలో దిద్దించింది.

ఊరి ఆడవాళ్ళు వంతులు వేసుకుని కోటలో వడ్లు దంచాలి. కూలి లేదు, కూడు లేదు. ఒకనాడు లచ్చి అనే దిక్కులేని పిల్ల ఆకలికి ఆగలేక గుప్పెడు బియ్యం నోట్లో వేసుకుంది. దొర మనుషులు ఆమెను గాదెగదిలోకి తోసి తాళం వేశారు. ఒకరోజు తలుపు బాదింది. రెండోరోజు గోకింది. మూడోరోజు చప్పుడు ఆగిపోయింది.

"లచ్చి ఎవడితోనో లేచిపోయింది" అని కోటవాళ్ళు చాటించారు. ఆడది కనబడకపోతే ఆ మాట వాళ్ళ నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

లచ్చితో కలిసి దంచిన ముగ్గురికి నిజం తెలుసు. సుంకమ్మ తల దువ్వించుకుంటూ ఓబుళమ్మతో చెప్పింది. పుల్లక్క బట్టలుతుకుతూ చెప్పింది. చెన్నక్క అక్షరాలు దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయి చెప్పింది. ముగ్గురూ చివర్లో ఒకే మాటన్నారు.

"రాసిపెట్టు వదినా. ఎక్కడో ఒకచోట ఉండనీ."

ఓబుళమ్మ రాసింది. తాటాకు మీద గంటంతో గీసిన గీత కంటికి ఆనదు. మసి పూస్తేనే అక్షరం తేలుతుంది. ఆమె మసి పూసింది. పట్టపగలు వెళ్ళి ఆకును కోటతలుపుకు కట్టింది.

"లచ్చి లేచిపోలేదు. గాదెగదిలో ఆకలితో చచ్చిపోయింది."

రాయసగాడు ఆకు కోసిన తీరు చూసి ఓబుళమ్మ పేరు చెప్పాడు. దొర పిలిపించాడు.

మొదటిరోజు పీట వేయించి, బెల్లంముక్క ఇప్పించాడు.

"ఓబుళమ్మా, నువ్వు దంపుడుకు రాలేదు. గాదెగది చూడలేదు. నీకెవరు చెప్పారు?"

"రాసింది నేను సామీ. అడిగేదేదో నన్నడుగు."

"నిన్నే గదనే అడుగుతున్నది!"

"నేనూ చెబుతున్నా గదా. రాసింది నేను."

రెండోరోజు ఎండలో వంగదీసి వీపు మీద బండ పెట్టారు.

"ఎవరు చెప్పారు?"

"రాసింది నేను."

మూడోరోజు ఆమె ఇంటి నుంచే ఆకులు బిగించే చెక్కలు తెప్పించారు. కుడిచేతి వేళ్ళు మధ్యన పెట్టి బిగించారు. ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు.

"ఎవరు చెప్పారు?"

"రాసింది నేను."

కథ ఇక్కడ ఆపేస్తే మా ఊరికి ఎంత పరువు! ఆపే వీల్లేదు.

ఈమె నోరు తెరవదని దొరకు అర్థమైంది. ఊరి నోరు తెరిపిస్తే చాలనుకున్నాడు. తలారి హనుమడు డప్పు కొట్టుకుంటూ వీధివీధీ తిరిగాడు.

"ఓబుళమ్మ చెప్పేసిందహో! పేర్లన్నీ చెప్పేసిందహో! చావడికొచ్చి ఆమె అబద్ధాలకోరని చెప్పినవాళ్ళకు శిక్ష లేదహో!"

నమ్మారు. అంత తేలిగ్గా నమ్మారు. "ఆమెనే ఒకమాట అడుగుదాం పదండి" అని ఒక్కరూ అనలేదు.

"చెప్పేసింది, పాడుముండ!" అని సుంకమ్మ నెత్తి కొట్టుకుంది.

"నమ్మి చెప్పుకుంటే నట్టేట ముంచింది గదమ్మా!" అని పుల్లక్క ఏడ్చింది.

చెన్నక్క వాళ్ళ వెనకే నడిచింది.

చావడిలో ఓబుళమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. ముందు సుంకమ్మ చెప్పింది.

"దానికి పిచ్చి దొరా. ఆకులతో మాట్లాడుకుంటది."

తరవాత పుల్లక్క చెప్పింది.

"ఒంటరిది. నడత మంచిది కాదు. దాని మాటకేం విలువ?"

ఆ తరవాత చెన్నక్క చెప్పింది.

"దానికి అక్షరమ్ముక్క రాదు సామీ. ఎవరో మగాడు రాసిస్తే మోసుకొచ్చింది."

ఓబుళమ్మ అప్పుడు తలెత్తింది. "రాసింది నేను చెన్నీ" అంది.

"అయితే రాయవే!" అని దొర గంటం ఆమె ముందుకు విసిరాడు.

ఒకసారి పట్టుకోబోయింది. జారింది. రెండోసారి జారింది. మూడోసారి గంటం దొర్లుకుంటూ వెళ్ళి అరుగు కింద పడింది. చావడి నవ్వింది. మావాళ్ళూ నవ్వారు. నవ్వకపోతే దొర చూస్తాడని నవ్వారు.

"అక్షరం రానిదాని కూతలు" అని ఆకును పొయ్యిలో పెట్టించాడు దొర. లచ్చి లేచిపోయిన పిల్లగానే మిగిలింది. ఓబుళమ్మను ఇంటికి తోలేశారు. మూడురోజులు బతికింది. ఇంత గంజినీళ్ళు పట్టుకుని ఒక్కరూ ఆ గడప తొక్కలేదు. నాలుగో పొద్దున పోయింది.

అప్పుడు ముగ్గురూ పరుగెత్తుకుంటూ వెళ్ళారు. ఏడవడానికి కాదు. గుడిసెలో ఇంకా ఆకులుంటాయని, వాటి మీద తమ పేర్లుంటాయని, తగలబెట్టడానికి. అటక మీద మసి పూయని ఆకులు మూడు దొరికాయి.

"ఏం రాసి చచ్చిందో చూడవే" అంది సుంకమ్మ.

చెన్నక్క పొయ్యిలో మసి తీసి అరచేత్తో రుద్దింది. చదివింది.

"ఒకామె చెప్పింది, లచ్చి తిన్నది గుప్పెడు బియ్యమేనని."

"ఇంకొకామె చెప్పింది, తాళంచెవి దొర బావమరిది మొలలో ఉందని."

"మరొకామె చెప్పింది, మూడోరోజు చప్పుడు ఆగిందని."

పేర్లు లేవు.

గుమ్మం అవతల పాడె కడుతున్న తలారి మీద పుల్లక్క అరిచింది. "పేర్లన్నీ చెప్పేసిందని డప్పేశావు గదరా!"

"వెయ్యమన్నారు, వేశాను. చెక్కలు బిగించింది నేనేనమ్మా, నాకు తెలీదా? ఒక్క పేరు రాలేదు ఆ నోట."

కొందరు కథకులు ఇక్కడ నాలుగో ఆకు ఒకటి పెడతారు. దాని మీద ఓబుళమ్మ మిమ్మల్ని క్షమించానని రాసిందంటారు. మనం హాయిగా నిద్రపోవడానికి కల్పించుకున్న ఆకు అది. నాలుగో ఆకు లేదు.

ఆ మూడింటినీ వాళ్ళు తగలబెట్టలేదు. ఆకు పాతబడ్డప్పుడల్లా మా ఊరి ఆడపిల్ల ఎవరో ఒకరు కొత్తాకు మీదికి ఎత్తి రాస్తారు. ఇప్పటికీ "ఫలానామె నీ పేరు చెప్పేసింది" అని ఎవరైనా మోసుకొస్తే, మా ఆడవాళ్ళు ముందు ఆ ఫలానామె ఇంటికి గంజి పట్టుకెళ్తారు. తాగాకే అడుగుతారు.

అన్ని ఊళ్ళలో తాతల గొప్పలు చెప్పుకుంటారు. మా ఊళ్ళో ఏడాదికొకరోజు అవ్వల తప్పులు చెప్పుకుంటాం. ఆకులు చదివి, ఇంటికొకరు లేచి, ఆనాడు తమ అవ్వ ఏమన్నదో, ఏమీ అనకుండా ఎక్కడ నిలబడిందో చెప్పాలి. మొన్న ఒక కొత్తకోడలు బిత్తరపోయి, "మా పుట్టింట్లో ఇలాంటివి దాచుకుంటారత్తా!" అంది. "మేమూ రెండు తరాలు దాచామమ్మా. కంపు కొట్టింది" అంది అత్త.

మాది చెన్నక్క ఇల్లు. నా వంతు రాగానే ఏటా లేచి చెబుతాను.

"మా అవ్వకు ఓబుళమ్మ అక్షరాలు నేర్పింది. మా అవ్వ ఓబుళమ్మకు అక్షరాలు రావంది."

చెప్పి కూర్చుంటాను. ఎవరూ ఓదార్చరు. ఓదార్చకూడదని మా ఊరి కట్టుబాటు.