ముందు చక్రానికి బ్రేకు

కుళ్లాయమ్మకు ఎడమ మలుపంటే భయం. ఆమె ఎంచుకున్న ఫ్లాట్ ట్రాక్ పందెంలో ఉన్నవన్నీ ఎడమ మలుపులే.

అనంతపురం అవతల ఎర్రమట్టిని చదును చేసి గీసిన కోడిగుడ్డు ఆకారపు బాట అది. అక్కడ పరుగెత్తే మోటారు సైకిళ్లకు ముందు చక్రానికి బ్రేకు ఉండదు. మలుపులో బండిని వాల్చి, ఎడమకాలు నేలకు ఆనించి, వెనుక చక్రాన్ని జారనిస్తూ తిరగాలి. అందుకే అందరూ ఎడమ బూటుకు ఉక్కు అట్ట కట్టుకుంటారు. కుళ్లాయమ్మకు అది లేదు. కాలు దించే ఉద్దేశమే ఆమెకు లేదు. ఉస్తాద్ మౌలాలి ఇచ్చిన పాత బండి మీద నేర్చుకుంటూ, మలుపు మలుపుకూ పడింది.

"ఆదివారం లోపల ఒక్క చుట్టయినా పడకుండా తిరిగి రా. లేకుంటే పందెంలో నీ పేరు ఉండదు" అన్నాడు ఉస్తాద్.

ఆమె ఉస్తాద్ షెడ్డులో తన సొంత బండిని తానే కూర్చుకుంటోంది. ఇంజను ఒక ఊళ్లో, చట్రం మరో ఊళ్లో దొరికాయి. చివరికి బెంగళూరు వెళ్లి, పాత సామాన్ల అంగళ్లన్నీ గాలించి, ముందు చక్రానికి డిస్కు బ్రేకు సంపాదించింది. అద్దంలా మెరిసే ఉక్కు బిళ్ల.

"ఏమక్కా, పెండ్లికూతురికి వడ్డాణం తెచ్చినట్టు తెచ్చినావే!" అని నవ్వాడు తోటి శిష్యుడు ఓబులేసు. "ఇది బండికా, నీ భయానికా?"

"నోరు మూసుకోరా" అని, ఆమె దాన్ని ఉస్తాద్ చేతిలో పెట్టింది. "ఇది బిగిస్తే నేనిక పడను, ఉస్తాద్."

ఆయన బిళ్లను వెలుతురుకెత్తి చూశాడు. "మంచి ఉక్కు" అన్నాడు. తర్వాత దాన్ని బెంచికి బిగించి, కోత మిషను ఆన్ చేశాడు.

నిప్పురవ్వలు లేచాయి.

"ఉస్తాద్!"

ఆ కేక తనదేనని కుళ్లాయమ్మకు తెలియలేదు. డిస్కు రెండు ముక్కలై రాలింది. ఓబులేసు నవ్వు ఆగిపోయింది. ఉస్తాద్ ఒక ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి దిమ్మ మీద సుత్తితో కొట్టి వంచాడు.

"ఎడమ బూటు విప్పు."

ఆమె కొయ్యబారి నిలబడింది. అప్పుడు తెల్లగడ్డం ఉస్తాద్ నేల మీద కూర్చుని, తానే ఆమె బూటు విప్పి, ఆ పాదాన్ని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయ్యో, వద్దు ఉస్తాద్! నాకు పాపం చుట్టుకుంటుంది!"

"కదలకు బిడ్డా. కొలత తప్పుతుంది."

చల్లారిన ఉక్కును బూటు అడుగున పట్టీలతో బిగించి, తిరిగి తొడిగాడు. ఆయన ఆ కాలిని మెల్లగా మట్టి మీద ఆనించాడు.

"ఆపేది చేతికి దొరికితే, కాలు నేలను నమ్మదమ్మా."

ఆ సాయంత్రం కుళ్లాయమ్మ తన బండెక్కింది. మొదటి మలుపు ఎదురొచ్చింది. కుడిచేతి వేళ్లు బ్రేకు కోసం చాచుకున్నాయి. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు.

ఎడమకాలు కిందికి దిగింది. ఎర్రమట్టి దాని కింద కరకరమంటూ మలుపు చివరి దాకా సాగింది.