దాలమ్మ ముద్ద

అనగనగా, సముద్రం మన ఊరికి ఇప్పటికంటే మూడు పరుగులు అవతల ఉన్న రోజుల్లో, తాటితోపు పక్కన ఒక గుడిసెలో దాలమ్మ అనే ఆవిడ ఉండేదంట. ఆవిడ పెనిమిటి గైరయ్య. కల్లుగీత అతని పని.

గైరయ్య రోజుకి మూడుసార్లు చెట్టెక్కేవాడు. పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి, పొద్దువాలాక ఒకసారి. మూడుసార్లూ దిగుతూ దిగుతూ ఒకే మాట.

"ఒలే దాలీ! ఇయ్యాల పైనించి ఏటి సూసినానో ఎరికా?"

కింద కల్లు లొట్టి అందుకోడానికి నిలబడ్డ దాలమ్మది కూడా ఒకే మాట.

"సూసినావులే. ముందు లొట్టి ఇలాగియ్యి."

అతను చూసినవి ఏమంత గొప్పవి? అవతల ఊరి మీద వాన పడుతూంటే ఈ ఊళ్ళో ఎండ కాయడం. కొంగలన్నీ ఎగిరిపోయాక ఒక్క కొంగ వెనక్కి వచ్చి దేన్నో వెతుక్కుని మళ్ళీ ఎగరడం. కెరటాల మీద మబ్బు నీడ ఎద్దులా నడవడం. నెత్తి నెరిసినా అతనికి ఆ సంబరం తీరలేదు. ఊళ్ళో వాళ్ళు నవ్వేవారు. "గడ్డం వొచ్చినాది గాని గైరయ్యకి ఈడు రాలేదు" అనేవారు. దాలమ్మకి సిగ్గేసేది. పొయ్యి మీద ఎసరు, కుండలో నీళ్ళు, అల్లాల్సిన తాటాకు బుట్టలు, ఇవి చూసుకోడానికే ఆవిడకి రెండు కళ్ళూ చాలేవి కావు.

ఒకనాటి మధ్యాహ్నం గైరయ్య చెట్టు మీంచే కేకేశాడు.

"దాలీ! ఒక్కసారి తలెత్తి సూడే!"

దాలమ్మ బుట్ట అల్లుతోంది. తలెత్తలేదు. మళ్ళీ పిలిచాడు. ఎత్తలేదు. మూడోసారి పిలుపు రాలేదు. నడుముకి చుట్టుకున్న మోకు తెగింది. తాడిచెట్టంత ఎత్తు నుంచి మనిషి నేల మీద పడ్డాడు.

ప్రాణం పోలేదు. నడుం కింద మాత్రం మరి కదల్లేదు. నలుగురూ మోసుకొచ్చి గుడిసెలో నులకమంచం మీద పడుకోబెట్టారు. గైరయ్య గోడవేపు తిరిగి పడుకున్నాడు. గంజి పోస్తే మింగలేదు. "నానింక సూసేదేటుంది? ఈ గోడే కదా" అన్నాడంతే.

దాలమ్మ ఏడ్చింది, తిట్టింది, బతిమాలింది. ఏ పని చేసినా అతను గోడ మీంచి చూపు తిప్పలేదు. రోజురోజుకీ తోటకూర కాడలా వాడిపోతున్నాడు. అప్పుడావిడకి తోచింది. ఈ మనిషి ఇన్నాళ్ళూ బతికింది గంజితో కాదు. పైనించి తెచ్చుకునే ఆ కబురుతో.

మర్నాడు పుల్లలేరుకోడానికి సముద్రం ఒడ్డుకి వెళ్ళి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"మావా, ఇయ్యాల నేనొకటి సూసినాను. సముద్రం నీలంగా ఉంది."

"ఏ నీలం?" అన్నాడు గోడకేసి. "పాలపిట్ట నీలమా? శంఖుపువ్వు నీలమా? దెబ్బ కమిలిన నీలమా?"

దాలమ్మకి తెలియలేదు. సముద్రం నీలంగా ఉంటుందని తెలుసుగానీ ఆవిడ చూసి చెప్పింది కాదది. గైరయ్య గంజి ముట్టలేదు.

రెండోనాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి గొప్పది చెప్పాలనుకుంది.

"మావా, మూడు తెరచాపల ఓడ, బంగారంలా మెరిసిపోతా ఎల్తాంది!"

"గాలి ఎటునించి కొడతాంది?"

దాలమ్మ గుమ్మంలోంచి తాటాకులు ఎటు ఊగుతున్నాయో చూడబోయింది.

"నువ్వు సూడలేదే దాలీ" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజూ గంజి ముట్టలేదు.

మూడోనాడు ఒడ్డుకి వెళ్ళింది గాని, ఏం చూడాలో తెలీక చతికిలబడింది. ఆటుకి వెనక్కిపోయిన సముద్రం. తడి ఇసక. ఆ ఇసక మీద ఎవరో ముగ్గేసినట్టు చిన్న చిన్న ఉండలు వరసలుగా ఉన్నాయి. చిన్నప్పట్నించీ వాటిని తొక్కుకుంటూనే తిరిగింది. ఎవరు పెడతారా అని ఏనాడూ అనుకోలేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంది. కాసేపటికి బొక్కలోంచి శనగగింజంత పీత బయటికొచ్చింది. ఇసక నోట్లో పెట్టుకుంది. నెమరేసింది. ఉండచేసి పక్కన పెట్టింది. ఒక అడుగు వేసింది. మళ్ళీ ఇంకో ఉండ. దాలమ్మ పుల్లల సంగతి మరిచిపోయింది. ఎండ నెత్తికెక్కినా, పోటు నీళ్ళొచ్చి పాదాలు తడిపినా లేవలేదు. ముగ్గంతా కెరటం తుడిచేశాక లేచి, ఖాళీ చేతుల్తో ఇంటికి పరిగెత్తింది.

"మావా! మావా! ఆ పీత లేదూ, గోరంత పీత! ఇసక తిని ఇసకే ఉండలు సేత్తాంది! బొక్క సుట్టూ వరసలు పెడతాంది. గాని ఒక్క దారి మటుకు ఉండలు పెట్టకుండా ఒదిలేసుకుంది. నేను సెయ్యి ఊపితే ఆ దారమ్మటే ఉరికి బొక్కలో దూరిపోనాది! ఎవలు నేర్పినారు మావా దానికి?"

మంచం కిర్రుమంది. గైరయ్య రెండు చేతులతో పట్టె పట్టుకుని ఇటు తిరిగాడు.

"ఉండ ఏ కాళ్ళతో ఎనక్కి తోస్తాది? ముందు కాళ్ళతోనా, ఎనక కాళ్ళతోనా?"

"అది సూడ్నేదు మావా."

"మరి రేపు సూసిరా."

"సూసొస్తాను. ముందు గంజి తాగు."

తాగాడు.

అప్పట్నించి దాలమ్మ రోజుకొకటి చూసి తెచ్చేది. అతను అడిగినదానికి బదులు తెలీకపోతే ఊళ్ళో వాళ్ళని అడిగేది. గొర్రెలు కాసేవాళ్ళని, వల వేసేవాళ్ళని, చాకిరేవు దగ్గర ఆడవాళ్ళని. "మొగుడి ఎర్రి పెళ్ళానికంటుకుంది" అని నవ్వింది పక్కింటి రవణమ్మ. నవ్విన రవణమ్మే నాలుగు రోజులకి అరుగు మీదికొచ్చి, "అన్నా, మా గుమ్మడి తీగ నిన్న సాయంత్రం గాల్లో తచ్చాడింది. పొద్దున్న సూస్తే పందిరి కర్ర పట్టేసుకుంది. కళ్ళు లేవు కదా, ఎలా ఎరిక?" అంది. ఆ తరవాత ఇంకొకరు. ఆ తరవాత పదిమంది. పొద్దుగూకేసరికి ఆ గుడిసె ముందర చోటుండేది కాదంట.

ఒకసారి దాలమ్మ అడిగింది. "ఆ రోజు చెట్టు మీంచి నాకేటి సూపిద్దామనుకున్నావు మావా?"

గైరయ్య ఆలోచించి నవ్వేశాడు. "మర్సిపోనానే. రోజూ ఒకటుండేది కదా!"

మూడేళ్ళు అలా బతికి గైరయ్య కన్నుమూశాడు.

మట్టి చేసి వచ్చాక రవణమ్మ అన్నం తెచ్చి పెట్టింది. దాలమ్మ ముద్ద కలిపింది. నోటిదాకా వచ్చింది గానీ లోపలికి పోలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"తినొదినా."

"అడిగేవోడు లేడు కదే" అంది దాలమ్మ.

రవణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒదినా, ఇయ్యాలేటి సూసినావు?" అని అడిగింది.

దాలమ్మ వాకిలి అవతల తోపుకేసి తల తిప్పింది.

"పాడె ఎనకాల ఎల్తా ఆ తాడిచెట్టు సూసినాను. ఆయన మోకు రాసుకుని రాసుకుని, మొదలు నుంచి మొవ్వుదాకా మాను నున్నగా అయిపోయింది. ఎండ పడి మెరుస్తాంది. ఇన్నేళ్ళు దాని కిందే నిలబడ్డాను. ఇయ్యాలే సూసినాను."

చెప్పి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

దాలమ్మ ముసలిదై, పళ్ళూడి, కర్ర పట్టుకున్నాక కూడా ఇంటింటికీ వెళ్ళి, ఇయ్యాలేటి సూసినావని అడిగేదంట. పిల్లల్ని కాదు, పెద్దల్ని. "పిల్లలకి ఆ సంబరం ఎలాగూ ఉంటాది. పెద్దోళ్ళే పారేసుకుంటారు" అనేది.

ఆవిడ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఆ తాటితోపు సముద్రంలో కలిసిపోయింది. ఆ గుడిసె లేదు. కానీ మన తీరం పల్లెల్లో ఇప్పటికీ రాత్రి అన్నాల దగ్గర మొదటి ముద్దని దాలమ్మ ముద్ద అంటారు. కలిపి చేతిలో పట్టుకుంటే, పిల్లలు పెద్దవాళ్ళని అడుగుతారు, ఇయ్యాలేటి సూసినావని. చెప్పాకే తినాలి. ఏమీ లేదన్నవాళ్ళు ముద్ద కంచంలో పెట్టేసి, అరుగు మీదికి వెళ్ళి, ఏదో ఒకటి చూసి రావాలి.

అలాగే ఒక ఇంట్లో, ఎన్నడూ నవ్వని పెద్దాయన ఒకడు, "ఏటుంటాదర్రా సూడ్డానికి" అని విసుక్కుంటూ అరుగు మీదికి పోయాడంట. ఎంతకీ రాడు. అన్నం చల్లారిపోతోందని మనవరాలు గుమ్మంలోంచి పిలిచింది.

"ఉండవే" అన్నాడంట ఆయన, వెనక్కి తిరక్కుండానే. "ఇంకా అవ్వనేదు."